నెట్ స్లో అంటే ఎక్కడ స్లో? ఇంటి వైఫై గురించి ఒక ప్రసంగ పాఠం

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

"నెట్ స్లోగా ఉంది" అని అందరం అంటాం. ఆ ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉంటాయి. డౌన్‌లోడ్ నిదానంగా అవడం ఒకటి. వీడియో కాల్‌లో గొంతు తెగిపోవడం, గేమ్‌లో బటన్ నొక్కాక కాసేపు ఆగి పని జరగడం ఇంకొకటి. పేజీ తెరిస్తే రెండు మూడు సెకన్లు ఏమీ రాకుండా ఉండి, తర్వాత టకటకా అంతా వచ్చేయడం మూడోది. మొదటిది స్పీడు. రెండోది లేటెన్సీ. మూడోది చాలాసార్లు డీఎన్‌ఎస్, అంటే సైటు పేరు ఇస్తే దాని అంకెల అడ్రస్ వెతికిచ్చే ఏర్పాటు. మీ ఇంట్లో ఉన్నది వీటిలో ఏది? అది తేల్చుకోకుండా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు.

స్పీడు అంటే సెకనుకి ఎంత డేటా వస్తోంది అని. లేటెన్సీ అంటే ఒక ప్యాకెట్, అంటే డేటా చిన్న పొట్లం, వెళ్లి, దానికి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తాం. 500 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో లేటెన్సీ 300 ఉండొచ్చు. 20 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 15 ఉండొచ్చు. కాల్ మాట్లాడటానికి వీటిలో ఏది మేలు? 20 ఎంబీపీఎస్‌దే. అందుకే కాల్స్ తెగుతున్నాయని ప్లాన్ పెంచుకున్నవాళ్లకి చాలాసార్లు ఏ తేడా కనిపించదు.

ఇక్కడే లెక్క ఒకటి చెప్పేస్తాను. ప్లాన్ మీద రాసేది మెగాబిట్లు. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు తెర మీద కనిపించేది ఎక్కువగా మెగాబైట్లు. 8తో భాగించాలి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి సెకనుకి 12 మెగాబైట్లు వస్తుంటే మీకు రావాల్సింది పూర్తిగా వస్తున్నట్టే.

ఇక అసలు విషయం. మీ ఫోన్ నుంచి సైటు దాకా దారిని మూడు ముక్కలుగా చూడండి. ఫోన్ నుంచి రౌటర్ వరకు, గాలిలో, అది మొదటి ముక్క. రౌటర్ నుంచి నెట్ ఇచ్చే కంపెనీ వరకు రెండోది. అక్కడి నుంచి సైటు ఉన్న సర్వర్ వరకు మూడోది. ఈరోజు నేను చెప్పేదంతా ఒకటే: ఏ ముక్కలో ఆలస్యం అవుతోందో ముందు కొలవండి, తర్వాతే చెయ్యి పెట్టండి.

మరి మనం మొదట చేసే పని ఏమిటి? రౌటర్ ఆపి ఆన్ చేస్తాం. దయచేసి ఆ పని మొదట చేయకండి. రీస్టార్ట్ చేస్తే రౌటర్ కొత్త ఛానెల్ (సిగ్నల్ పంపే చిన్న ఫ్రీక్వెన్సీ పట్టీ) ఎంచుకుంటుంది, మెమరీ ఖాళీ అవుతుంది, వేరే బ్యాండ్‌లో (2.4 గానీ 5 గిగాహెర్ట్జ్ గానీ) ఇరుక్కున్న ఫోన్లు మళ్లీ కొత్తగా కనెక్ట్ అవుతాయి. రెండు రోజులు బాగుంటుంది. వీటిలో దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ అదే పని. ముందు కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత కావాలంటే రీస్టార్ట్ చేయండి.

కొలవడానికి ఏం కావాలి? ఒక ల్యాప్‌టాప్, ఒక లాన్ కేబుల్. మిగతా పరికరాలన్నీ కాసేపు ఆపి, కేబుల్‌తో రౌటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత కేబుల్ తీసేసి, రౌటర్‌కి రెండు మీటర్ల దూరంలో వైఫై మీద చేయండి. తర్వాత ఇబ్బంది పడుతున్న గదిలో చేయండి. మూడు అంకెలు రాసుకోండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీద లేదంటే గాలిలో సమస్య. కేబుల్ మీద కూడా లేదంటే వైఫై సెట్టింగులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

కేబుల్ మీద ఒక అంకెని గుర్తుపెట్టుకోండి. 200, 300 ప్లాన్ ఉండి టెస్ట్‌లో ప్రతిసారీ 93, 94, 95 దగ్గర ఆగిపోతోందా? అయితే ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్‌కి దిగిపోయింది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100కి రెండు జతలు చాలు. క్లిప్పు దగ్గర మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా కనెక్షన్ పోదు, మాట్లాడకుండా 100కి పడిపోతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. విండోస్‌లో నెట్‌వర్క్ వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి, 100 అని ఉంటే కేబుల్ మార్చండి. క్యాట్ 5ఈ రకం కేబుల్ చాలు, గిగాబిట్‌ని 100 మీటర్ల దాకా మోస్తుంది. ఫైబర్ డబ్బాకీ, అంటే కంపెనీ లైను వచ్చి చేరే పెట్టెకీ, మీ రౌటర్‌కీ మధ్య ఉన్న చిన్న కేబుల్‌ని మర్చిపోకండి, తప్పు చాలాసార్లు దాంట్లోనే ఉంటుంది. కేబుల్ మార్చినా 95 దాటకపోతే రౌటర్ పోర్టులే 100వి కావచ్చు. డబ్బా మీద రాసి ఉంటుంది. అన్నట్టు, గిగాబిట్ ప్లాన్‌లో 940 దగ్గర ఆగితే కంగారు పడొద్దు. మిగతాది ప్యాకెట్ల తలకట్టుకే, అంటే వాటి మీద రాసే అడ్రసుల లాంటి వివరాలకే పోతుంది.

పింగ్‌తో మూడు ముక్కలు విడదీయడం

స్పీడ్ టెస్ట్ లేటెన్సీ గురించి చాలా కొంచెం చెబుతుంది. దానికి పింగ్ కావాలి, అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూపించే కమాండ్. కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు మూడు తెరవండి. మొదటి దాంట్లో పింగ్ అని, పక్కన మీ రౌటర్ అడ్రస్, చివర హైఫన్ టి. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, డిఫాల్ట్ గేట్‌వే అని చూపించేది అదే. రెండో కిటికీలో కంపెనీవాళ్ల మొదటి పరికరం. దారిలో వచ్చే పరికరాలని వరసగా చూపించే ట్రేస్‌రూట్ అనే కమాండ్ నడిపితే రెండో వరసలో కనిపించే అడ్రస్ అది. మీకు రెండు డబ్బాలుంటే మూడో వరస. మూడో కిటికీలో 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ, ఇవి నెట్‌లో అందరికీ జవాబిచ్చే పబ్లిక్ సర్వర్లు. మూడింటినీ పది నిమిషాలు నడవనివ్వండి, సమస్య వచ్చే వేళలోనే నడపండి. పొద్దున్న ఖాళీగా ఉన్నప్పుడు కొలిచి, రాత్రి వచ్చే సమస్య వెతికితే దొరుకుతుందా?

ఇప్పుడు చదువుదాం. రౌటర్‌కి పింగ్ కేబుల్ మీద 1 మిల్లీసెకను లోపు ఉండాలి. వైఫై మీద 2 నుంచి 5, అప్పుడప్పుడు 10, 20 వరకు ఎగిరినా సరే. మీ ఇంట్లో మీ రౌటర్‌కే 80, 150, 200 అని గెంతుతుంటే, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ (జవాబు రాలేదు) అని వస్తుంటే, సమస్య ఇంట్లోనే ఉంది. కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. రౌటర్ దాకా నిలకడగా ఉండి రెండో కిటికీ చెడితే, అది కంపెనీ లైను, లేదంటే ఆ లైను నిండిపోయింది. నిండిపోవడం గురించి కాసేపట్లో చెబుతాను. మూడు కిటికీలూ బాగుండి ఒక్క గేమ్ మాత్రమే ఆలస్యంగా ఉంటే దాని సర్వర్ దూరంగా ఉంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 1000 కిలోమీటర్ల దూరానికి రానుపోను 10 మిల్లీసెకన్లు. సర్వర్ 8000 కిలోమీటర్ల దూరంలో ఉంటే 80 కంటే తగ్గడం జరగని పని. ఏ రౌటర్ కొన్నా తగ్గదు. గేమ్‌లో దగ్గరి రీజియన్ ఎంచుకోవడం ఒక్కటే దారి.

ట్రేస్‌రూట్ చదివేటప్పుడు చాలామంది ఒకచోట పొరబడతారు. మధ్యలో ఒక వరసలో 200 కనిపించి, ఆ కింది వరసల్లో మళ్లీ 20, 22 ఉంటే అక్కడ తప్పేమీ లేదు. పెద్ద రౌటర్లు తమకే వచ్చే పింగులకి తీరిక దొరికినప్పుడు జవాబిస్తాయి, మీ డేటాని మాత్రం ఆపవు. ఒక వరసలో పెరిగి, అక్కడి నుంచి చివరిదాకా పెరిగే ఉంటేనే పట్టించుకోవాలి.

ఇంకో రెండు విషయాలు. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి పింగ్ చేస్తే 100 పైన చూపిస్తుంది. ఫోన్ బ్యాటరీ కోసం రేడియోని నిద్రపుచ్చి, రౌటర్ దాదాపు ప్రతి 102 మిల్లీసెకన్లకి పంపే బీకన్, అంటే "నేనిక్కడున్నాను" అనే చిన్న సందేశం కోసం లేస్తుంటుంది. అది మామూలే. రెండోది, పింగ్ అంతా బాగుండి సరిగ్గా ఒకే వ్యవధిలో, నిమిషానికోసారి అనుకోండి, ఒక్కసారి పైకి లేచి దిగిపోతుంటే, ల్యాప్‌టాప్ చుట్టుపక్కల నెట్‌వర్క్‌లని వెతుకుతోందని అర్థం. వెతకాలంటే మీ ఛానెల్ వదిలి వేరే ఛానెళ్లకి వెళ్లి రావాలి కదా. వైఫై డ్రైవర్ అప్‌డేట్ చేయండి, లొకేషన్ వాడే యాప్‌లు ఆపి చూడండి.

గాలిలో సమస్య అని తేలితే

సిగ్నల్ గీతలని నమ్మకండి. ఎన్ని గీతలు చూపించాలో ఒక్కో ఫోన్‌ది ఒక్కో లెక్క. వైఫై అనలైజర్ యాప్ ఏదైనా పెట్టుకుని డీబీఎం అంకె, అంటే సిగ్నల్ బలం చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 చాలా బాగు. మైనస్ 67 వరకు వీడియో కాల్స్‌కి ఢోకా లేదు. మైనస్ 75 దగ్గర స్పీడు బాగా పడిపోతుంది. మైనస్ 80 అంటే కనెక్షన్ పేరుకే. ఇందులో 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతైనట్టు. కాబట్టి మైనస్ 65కీ 75కీ తేడా చిన్నది కాదు.

సిగ్నల్ మైనస్ 50 ఉండి కూడా స్లోగా ఉందా? అప్పుడు ఛానెల్ చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, కానీ ఒక్కో సిగ్నల్ వెడల్పు 20. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్కింటివాళ్లు 1లో, 6లో ఉన్నారు కదా, మనం మధ్యలో 3 పెట్టుకుందాం అనిపిస్తుంది. అది అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి వింటాయి, వంతులవారీగా మాట్లాడతాయి. సగం సగం కలిసే ఛానెళ్లలో ఉంటే, ఒకే గదిలో రెండు గుంపులు వేరు వేరు భాషల్లో అరుస్తున్నట్టు, ఎవరి మాటా ఎవరికీ అర్థం కాదు, అంతా రొదే. పోయిన ప్యాకెట్లు మళ్లీ పంపాలి, లేటెన్సీ పెరుగుతుంది. 1, 6, 11లో తక్కువ రద్దీ ఉన్నదాన్ని పెట్టండి. వెడల్పు ఆటో నుంచి తీసి 20కి మార్చండి. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట 40 పెడితే మీకూ నష్టం, పక్కవాళ్లకీ నష్టం.

అసలు 2.4 నుంచి ఎంత ఆశించవచ్చు? రెండు యాంటెన్నాల ఫోన్‌కి, వైఫై 4 అనే పాత తరం వైఫై మీద, 20 వెడల్పులో, లింక్ స్పీడే 144. చేతికి వచ్చేది అందులో సగానికి కాస్త అటూఇటూ. అంటే 200 ప్లాన్ తీసుకుని ఫోన్ 2.4లో కూర్చుంటే 200 ఎప్పటికీ కనిపించదు. చాలా రౌటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెడతాయి, ఏ బ్యాండ్ అన్నది ఫోన్ నిర్ణయించుకుంటుంది. పరీక్షించేటప్పుడు రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. అప్పుడు ఏది దేనికి కలిసిందో మీ కంటికే తెలుస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. వెడల్పు 80 బాగా పనిచేస్తుంది, అపార్ట్‌మెంట్లలో రద్దీ ఎక్కువైతే 40 నిలకడగా ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 52 నుంచి 144 మధ్య ఛానెళ్లని రాడార్లు కూడా వాడతాయి. రాడార్ లాంటిది వినిపిస్తే రౌటర్ ఆ ఛానెల్ వదిలేయాలి, కొత్తది కూడా రాడార్ ఛానెలే అయితే దాంట్లోకి పోయేముందు కనీసం 60 సెకన్లు వినాలి. అది నియమం. ఉన్నట్టుండి 5 గిగాహెర్ట్జ్ పేరే మాయమై, నిమిషం తర్వాత తిరిగి వస్తోందా? 36 నుంచి 48 మధ్యకి గానీ, మీ దేశంలో అనుమతి ఉంటే 149 పైకి గానీ మార్చండి.

ఇప్పుడు చెప్పేది రాసుకోండి, ఎందుకంటే ఇది ఎవరికీ తట్టదు. కొత్త రౌటర్, కొత్త ఫోన్, సిగ్నల్ బాగుంది, అయినా లింక్ స్పీడు సరిగ్గా 54 దగ్గర ఆగిపోయింది. ఏం జరిగింది? సెక్యూరిటీ సెట్టింగ్‌లో టీకేఐపీ గానీ, పాత డబ్ల్యూఈపీ గానీ ఉండి ఉంటుంది. వైఫై 4 ప్రమాణం నుంచి, ఈ పాత ఎన్‌క్రిప్షన్‌లతో కొత్త వేగాలు వాడటానికి వీల్లేదు. 2003 నాటి 54కి దిగిపోతుంది. ఏఈఎస్‌తో డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. డబ్ల్యూఎంఎం అనే సెట్టింగ్ ఆపేసినా ఇదే జరుగుతుంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి.

ఇక రౌటర్ పెట్టే చోటు. ఇనుప బీరువా మీద వద్దు, టీవీ వెనక వద్దు, అద్దం పక్కన వద్దు, నీళ్ల ట్యాంకు పక్కన వద్దు. ఇంటి మధ్యలో, నిలబడితే భుజం ఎత్తులో ఉంటే మంచిది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అది నడుస్తున్నంతసేపూ 2.4 బ్యాండ్ అల్లాడుతుంది. రౌటర్‌కి యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే తీసి చూడండి, దాని నుంచి వచ్చే రొద కూడా సరిగ్గా 2.4లోనే పడుతుంది.

దూరపు గదికి రిపీటర్ కొంటారు. కొని ఎక్కడ పెడతారు? సిగ్నల్ అందని గదిలోనే. అందని సిగ్నల్‌ని అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? సగం దారిలో, మైనస్ 65 దొరికే చోట పెట్టాలి. ఒకే రేడియోతో విని, అదే రేడియోతో మళ్లీ పంపేది అయితే వేగం సగం అవుతుంది, లేటెన్సీ పెరుగుతుంది. వీలుంటే ఆ గది దాకా కేబుల్ లాగి, యాక్సెస్ పాయింట్, అంటే కేబుల్ నుంచి వైఫై ఇచ్చే డబ్బా పెట్టండి. దానికి సాటి ఇంకేదీ లేదు.

లైను నిండినప్పుడు వచ్చే లేటెన్సీ

ఇందాక నిండిపోవడం అన్నాను. నా దృష్టిలో ఇళ్లలో వీడియో కాల్స్ పాడవడానికి పెద్ద కారణం ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మీరే పరీక్షించండి. కేబుల్ మీద ఉండి 1.1.1.1కి పింగ్ నడుపుతూ, పక్కన ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. 15 ఉన్న పింగ్ 400 అయిందా? అప్‌లోడ్ ఆపగానే మళ్లీ 15కి వచ్చిందా? అంతే, దొరికింది.

ఎందుకలా? రౌటర్‌లో, మోడెమ్‌లో ప్యాకెట్లు వేచి ఉండే వరస ఒకటి ఉంటుంది. ఆ వరస 1 మెగాబైట్ పొడవు అనుకోండి. అంటే 8 మెగాబిట్లు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే అది ఖాళీ అవడానికి 0.4 సెకను, అంటే 400 మిల్లీసెకన్లు. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ అయితే 1.6 సెకన్లు. మీ కాల్ ప్యాకెట్ చాలా చిన్నది, అయినా ఆ వరస చివరే నిలబడాలి. ఒక ఫోన్ ఫోటోలు బ్యాకప్ చేస్తుంటే ఇంకో గదిలో కాల్ ఎందుకు తెగుతుందో ఇప్పుడు తెలిసింది కదా? ప్యాకెట్ పారేయకూడదని మెమరీ పెంచుకుంటూ పోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో నెట్‌వర్క్ పరిశోధకులు క్యాథలీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు: వరస పొడవు కాకుండా, ప్యాకెట్ వరసలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువైతే పారేయడం. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్, తర్వాత వచ్చిన కేక్ ఇప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లోనూ, మరికొన్ని రౌటర్లలోనూ ఎస్‌క్యూఎం పేరుతో దొరుకుతాయి.

పెట్టే పద్ధతి: కేబుల్ మీద డౌన్‌లోడ్, అప్‌లోడ్ కొలవండి. ఎస్‌క్యూఎంలో రెండింటికీ 90 శాతం రాయండి. 100, 20 వస్తుంటే 90, 18. తగ్గించి రాయడం ఎందుకు? వరస మోడెమ్‌లో కాకుండా మన రౌటర్‌లో ఏర్పడాలి, అప్పుడే దాన్ని మనం అదుపులో పెట్టగలం. మళ్లీ అప్‌లోడ్ పెట్టి పింగ్ చూడండి. 15 ఉన్నది 20, 25 దగ్గర నిలబడితే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్లండి. పింగ్ చెడటం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి. ఇది రౌటర్ ప్రాసెసర్‌కి చాలా పని. చిన్న రౌటర్‌లో వేగమే పడిపోతే ప్రాసెసర్ తట్టుకోలేకపోతోందని అర్థం.

ఎస్‌క్యూఎం లేని రౌటర్ అయితే? అప్‌లోడ్‌ని పుట్టే చోటే తగ్గించండి. బ్యాకప్ యాప్‌లో అప్‌లోడ్ లిమిట్ ఉంటుంది, సీసీ కెమెరాలో బిట్‌రేట్ ఉంటుంది. బ్యాకప్‌ని రాత్రి వేళకి మార్చండి.

డీఎన్‌ఎస్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. పేజీ మొదలవడానికే ఆలస్యం అయి, మొదలయ్యాక వేగంగా వస్తుంటే రౌటర్‌లో డీఎన్‌ఎస్ అడ్రసులు 1.1.1.1, 8.8.8.8 లేదా 9.9.9.9కి మార్చి చూడండి. దీనివల్ల డౌన్‌లోడ్ స్పీడు పెరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

ప్రశ్నలు? ఆ, చెప్పండి. కంపెనీ ఇచ్చిన డబ్బాలో వైఫై ఉంది, మేం కొన్న రౌటర్‌లో వైఫై ఉంది, రెండూ పక్కపక్కనే పెట్టాం, పరవాలేదా అని అడుగుతున్నారు. పరవాలేదు కాదండీ. రెండు రేడియోలు ఒకే చోట ఒకే గాలి కోసం పోటీ పడతాయి. కంపెనీ డబ్బాలో వైఫై ఆపేయండి. వీలైతే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని చేయకుండా లైనుని మీ రౌటర్‌కి అందించేలా పెట్టించుకోండి.

ఇంకొకరు, పేరెంటల్ కంట్రోల్ ఆన్ చేశాక స్పీడు సగమైంది అంటున్నారు. అవుతుంది. ట్రాఫిక్ లెక్కపెట్టే, వడపోసే సదుపాయాలు ఆన్ చేస్తే చాలా రౌటర్లలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆగిపోతుంది, ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ గుండా పోవాలి. ఒక్కొక్కటీ ఆపుతూ కేబుల్ మీద కొలవండి, ఏది తింటోందో తెలిసిపోతుంది.

చివరి ప్రశ్న, కంపెనీకి ఫిర్యాదు ఎలా చేయాలి. "స్లోగా ఉంది" అంటే వాళ్లు "రీస్టార్ట్ చేయండి" అంటారు. మీ దగ్గర కాగితం ఉంది కదా, అది చదవండి. కేబుల్ మీద కొలిచాను, ఇంట్లో ఇంకేదీ నడవడం లేదు, గేట్‌వేకి 1 మిల్లీసెకను, లాస్ (పోయిన ప్యాకెట్లు) సున్నా. మీ మొదటి పరికరం దగ్గర ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా ఇంత శాతం లాస్. ఫైబర్ అయితే డబ్బా పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ ఉంటుంది, అదీ చెప్పండి. జీపాన్ అనే రకం ఫైబర్ లైన్లలో అది సాధారణంగా మైనస్ 8కీ మైనస్ 27 డీబీఎంకీ మధ్య ఉండాలి. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే ఎక్కడో ఫైబర్ వంగి ఉంటుంది, కనెక్టర్‌లో దుమ్ము చేరి ఉంటుంది, లేదా జాయింట్ సరిగ్గా లేదు. మనిషిని పంపమని అడగండి. మీరు మాత్రం ఆ కనెక్టర్ విప్పి చివర్లోకి కన్ను పెట్టి చూడొద్దు, అందులో లేజర్ ఉంటుంది, కంటికి కనిపించదు.